రాసినవాణ్ణి నమ్మొద్దు

వినుకొండలో ఇంటి దగ్గరే కూర్చుని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కోడు రివ్యూ చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ సలహాలు. సీ, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఆర్పీసీ లైబ్రరీలకు, అంటే ఎక్కడో ఉన్న మిషన్‌లోని ఫంక్షన్‌ని మన ఇంట్లోదే అన్నట్టు పిలిపించే కోడుకు, ఇవి మరీ అవసరం. ఆఫీసుల్లో నేర్పే మర్యాదకు ఇవి తలకిందులు. తెలిసే చెబుతున్నాను.

రాసినవాణ్ణి నమ్మొద్దు, ఎంత పేరున్నవాడైనా సరే. గుంటూరు యార్డుకి మిర్చి తోలే ఊళ్లవాళ్లం మనం. చీటీలో ఎంత రాసి ఉన్నా టిక్కీని, అంటే మిర్చి బస్తాని, కాటా ఎక్కించకుండా లెక్క కట్టరు. పైన ఎర్రగా ఉన్నా లోపలికి చెయ్యి పోనిచ్చి తాలు చూస్తారు, తేమ చూస్తారు. రైతు దొంగని కాదు, అది పద్ధతి. కోడులోనూ అదే పద్ధతి కావాలి. జీఆర్పీసీ అనే ఆర్పీసీ లైబ్రరీలో ప్రతి సందేశం ముందూ 5 బైట్ల చీటీ వస్తుంది. అందులో 4 బైట్లు సందేశం పొడవు. ఆ పొడవు రాసేది అవతలివాడు, దాన్ని తూచకుండా నమ్మడం తప్పు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ ఇదే తప్పు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చీటీని నమ్మింది, కాటా వెయ్యలేదు. ఒక్కో దెబ్బకి 64 కిలోబైట్ల దాకా పక్క మెమరీ బయటికి పోయింది. ఆ కోడునీ ఒకరు రివ్యూ చేసే లోపలికి పంపారు. రెండేళ్లు ఎవరి కంటా పడలేదు.

పాత కోడుని అసలు గౌరవించొద్దు. "ఏళ్లుగా నడుస్తోంది, ముట్టుకోకు" అంటారు. 1980ల నాటి సన్ ఆర్పీసీ కోడులో 2002లో ఏం దొరికిందో చూడండి. ఎక్స్‌డీఆర్ ఎరే అనే ఫంక్షను, అవతలినుంచి వచ్చిన సంఖ్యని ఒక్కో అంశం సైజుతో గుణించి అంత చోటు తీసుకునేది. 32 బిట్లలో పట్టేది 4,29,49,67,295 వరకే. హద్దు గట్టిగా లేనిచోట అవతలివాడు 1,07,37,41,825 అని పంపాడనుకోండి. అంశానికి 4 బైట్లు. గుణిస్తే 4,29,49,67,300. గిన్నె పొర్లిపోయి మిగిలేది 4. నాలుగు బైట్ల చోటు తీసుకుని నూట ఏడు కోట్ల అంశాలు పొయ్యడం మొదలెడుతుంది! సోలారిస్, జీఎన్‌యూ సీ లైబ్రరీ, ఎంఐటీ కెర్బెరోస్, ఇలా ఆ పాత కోడు పంచుకున్నవి చాలా దెబ్బతిన్నాయి. కాబట్టి కోడులో గుణకారం కనిపిస్తే కాయితం తీసి చేతితో చెయ్యండి. చిన్నతనం అనుకోవద్దు.

అంతా సవ్యంగా జరిగే దారిని చివర చదవండి. దాన్ని రాసినవాడే పదిసార్లు నడిపి చూసి ఉంటాడు. ముందు తప్పు జరిగే దారి పట్టండి. జవాబు వస్తున్న క్షణంలోనే పిలిచినవాడు రద్దు చేస్తే ఆ బఫర్‌ని ఎవరు వదిలేస్తారు? ఇద్దరూ వదిలేస్తేనో?

తెలివితక్కువగా అనిపించే ప్రశ్న తప్పకుండా అడగండి. యార్డులో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి "పది టిక్కీలు అమ్మెయ్" అన్నారు, ఫోను కట్టయింది. మళ్లీ చేసి అదే మాట చెప్పారు. అమ్మింది పదా, ఇరవయ్యా? గడువు దాటాక మళ్లీ ప్రయత్నించే ప్రతి ప్యాచ్ కిందా ఈ ప్రశ్న రాయండి. జవాబు కోడులో కనిపించేదాకా ఒప్పుకోవద్దు.

ఖాళీలు, బ్రాకెట్ల సొగసు గురించి ఒక్క ముక్క రాయొద్దు. అది క్లాంగ్ ఫార్మాట్ అనే పనిముట్టు చూసుకుంటుంది.

రెండు వేల లైన్ల ప్యాచ్ వస్తే చదవకుండానే వెనక్కి పంపండి, ముక్కలు చేసి తెమ్మనండి. మొహమాటపడి నేను ఒకసారి అలాంటిదాన్ని "బాగుంది" అని దాటించాను. అందులోని మెమరీ లీకు మూడు నెలల తరవాత వేరేవాళ్ల సర్వర్లలో బయటపడింది. ఆ "బాగుంది" కింద నా పేరు ఇప్పటికీ ఉంది.

ఈ రాత్రే ఒక ప్యాచ్ తెరవండి. అందులో పొడవు ఎక్కడుందో వెతికి, దాన్ని నింపింది ఎవరని అడగండి.