అరకు టిక్కెట్టు, ఉద్దానం చిరునామా

2008లో భారత సైన్స్ కాంగ్రెస్ విశాఖలోనే జరిగింది. తర్వాతా ఆ ఊళ్లో సదస్సులకు కొదవలేదు. విజ్ఞానాన్ని జనంలోకి తీసుకెళ్లాలని పగలు ఉపన్యాసాలు. సాయంత్రం రుషికొండ, మర్నాడు అద్దాల బోగీలో అరకు, మెడలో బ్యాడ్జీ తీయకుండానే సెల్ఫీలు. పరిచయాలు కుదిరేది వేదిక మీద కాదు, టీ దగ్గరేనంటారా? నిజమే. మరి ఆ టీ ఏదో ఉద్దానంలో తాగితే పోయేదేముంది? అక్కడి కవిటి, సోంపేట, కంచిలి పల్లెల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి పరిశోధించినా కారణం ఇదీ అని తేలలేదు. తేలినంతవరకైనా కొబ్బరితోటల కూలీకి అర్థమయ్యే తెలుగులో చెప్పేవారు కరువు. అక్కడ చూడ్డానికేముందంటారేమో! జీడితోటలున్నాయి, పలాసలో డయాలసిస్ పడకలూ ఉన్నాయి. సోంపేట స్టేషను హౌరా లైను మీదే ఉంది. ఈసారి విహారయాత్ర టిక్కెట్లు అటు తీయండి.