పేరుకి పహారా, నెయ్యికి టెండరు

తిరుపతి లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. ఇక మీదట ఏ మిఠాయి కొట్టువాడైనా తన బూందీ ముద్దకి ఆ పేరు పెట్టి అమ్మితే చట్టం ఊరుకోదు. స్వామివారికి శంఖచక్రాలు చాలలేదు కాబోలు, చెన్నై రిజిస్ట్రీ వారి సర్టిఫికెట్టు కూడా తోడైంది.

పేటెంటే తీసుకోవచ్చుగా అంటారా? పేటెంటుకి సరుకు కొత్తదై ఉండాలి, తయారీ గుట్టు బయటపెట్టాలి, అంతా చేసి ఇరవై ఏళ్లకి చెల్లిపోతుంది. కలియుగ దైవానికి ఇరవై ఏళ్లు ఏ మూలకి? జీఐ అయితే పదేళ్లకోసారి రుసుము కట్టుకుంటూ యుగాంతం దాకా లాగొచ్చు. కాకపోతే ఆ చట్టం ఉత్పత్తిదారుల మేలు కోరి పుట్టింది. పోచంపల్లి ఇక్కత్‌కి గుర్తింపు వస్తే దాని వెనక ఊళ్లకి ఊళ్లు మగ్గాలున్నాయి. ఇక్కడ తయారీదారు దేవస్థానమే, ఆ తయారీదారు తరఫున అర్జీ పెట్టిందీ దేవస్థానమే. పెళ్లికొడుకూ పురోహితుడూ ఒకడే అయితే దక్షిణ బేరం తెగడం ఎంతసేపు!

సరే, పేరు భద్రం. లోపలి సరుకో? పోటు అనే గుడి వంటశాలలో శనగపిండి, చక్కెర, జీడిపప్పు, కలకండ అన్నీ దిట్టం అనే కొలతల పట్టీ ప్రకారం తూచే వేస్తారు. నెయ్యి వచ్చేది టెండరు మీద. కిలో 320 రూపాయలకి పోస్తానన్నవాడికి దక్కింది. ఆ ధరకి అసలైన ఆవునెయ్యి వస్తుందో రాదో ఇంట్లో పాడి ఉన్న ఏ ఇల్లాలిని అడిగినా చెప్పేది. కల్తీ పట్టే ల్యాబు తమకి సొంతంగా లేదని 2024లో దేవస్థానం అధికారులే సెలవిచ్చారు. సర్టిఫికెట్టు వచ్చి అప్పటికి పదిహేనేళ్లు.

ఆ సెప్టెంబరులో ఆ నెయ్యి మీద గుజరాత్‌లోని ఒక ల్యాబు ఇచ్చిన రిపోర్టు బయటికొచ్చింది. అంకెలు హద్దు దాటాయి, కలిసి ఉండొచ్చంటూ పామాయిలు, చేపనూనె, పశువుల కొవ్వు వగైరా జాబితా. దాంతోపాటే, ఏయే పరిస్థితుల్లో ఈ ఫలితం తప్పుగా రావచ్చో కూడా రాసి ఉంది. జాబితా ఒక పార్టీ చదివింది, మినహాయింపులు ఇంకో పార్టీ చదివింది. రెండూ చదివినవాణ్ణి ఏ టీవీ చర్చకీ పిలవలేదు.

తర్వాత భక్తి పొంగింది. ఉపముఖ్యమంత్రి 11 రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టారు. ప్రతిపక్షం ఊరూరా గుళ్లలో పూజలకి పిలుపిచ్చింది. కొండమీద శాంతి హోమం జరిగింది. హోమంలో పోసిన నెయ్యి ఏ టెండరుదో ఎవరూ అడిగినట్టు లేదు.

చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. పరీక్షకి పంపిన నెయ్యి లడ్డూలో పడిందేనా అని న్యాయమూర్తులు అడిగారు, దేవుళ్లనైనా రాజకీయాలకి దూరంగా ఉంచమన్నారు. అక్టోబరు 4న దర్యాప్తు బృందాన్ని వేశారు. ఇద్దరు సీబీఐ వాళ్లు, ఇద్దరు రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రత సంస్థ నుంచి ఒక అధికారి. అంటే అయిదుగురిలో నలుగురు పోలీసులు, నెయ్యి సంగతి చూసేవాడు ఒక్కడు.