భీమిలి బీచ్‌రోడ్డు పద్యానికి టీకా తాత్పర్యాలు

వచ్చునపుడు కారు పక్కనాపుదమంచు
మగడు పలికె; సతియు మౌనమూనె;
కడలి కుడికి నుండె, కాంత యెడమ నుండె;
మధ్య నున్నదేది? మగని చెవియె!

అవతారిక: మాఘమాసంలో పెళ్ళాడి, హనీమూనుకని విశాఖ చేరిన దంపతులు ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి ఎదుట అద్దె కారెక్కి భీమిలికి బయలుదేరిన ఘట్టంలోనిదీ ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. వెనక సీట్లోని బావమరిది అని కొందరంటారు గాని, హనీమూనుకు బావమరిది వెంటరావడం శాస్త్రసమ్మతం కాదు.

ప్రతిపదార్థం: వచ్చునపుడు = తిరుగు ప్రయాణమందు, అనగా ఎన్నడునూ కాదు; కారు = రోజు కిరాయి శకటమును; పక్కన్ = రోడ్డువారగా; ఆపుదము అంచున్ = నిలుపుదమనుచు; మగడు = మూడు ముళ్ళు వేసి, గూగుల్ మ్యాపును నమ్మినవాడు; పలికెన్ = రోడ్డు మీదనుంచి చూపు మరల్చకయే చెప్పెను; సతియున్ = ఆలియు; మౌనము ఊనెన్ = ఊరకుండెను. మౌనం అర్ధాంగీకారమన్న పెద్దలు బ్రహ్మచారులై ఉండవలె. తక్కిన పదాలు సులభాలు, చెవి తప్ప.

శంక: వచ్చేటప్పుడు ఆపితే ఏం పోయింది? సముద్రం ఎక్కడికి పోతుంది?

సమాధానం: సముద్రం పోదు, వెలుగు పోతుంది. ఇది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు కదా అని వీధులు తిరిగి, డచ్చివారి సమాధులు చూసి, గోస్తని సముద్రంలో కలిసే చోట కాళ్ళు తడుపుకునేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. తిరుగుదారిలో కడలి ఎడమకు, సాక్షాత్తు సతి కిటికీలోకే, వస్తుంది. కాని అప్పటికి కనిపించేది చీకటి, వినిపించేది హోరు. పగటి సముద్రం మగనిది, రాత్రి సముద్రం ఆలిది అని దాయభాగం. దీనికొక అపవాదం ఉన్నది. మాఘపౌర్ణమినాడు సూర్యుడు కొండల వెనక్కి జారే వేళకే చంద్రుడు బంగాళాఖాతంలోంచి పైకొస్తాడు. ఆ ఒక్కరోజు ‘వచ్చునపుడు’ అన్నమాట సత్యమవుతుంది. మగడు పంచాంగం చూసి అన్నాడని చెప్పడానికి మాత్రం పద్యంలో ఆధారం లేదు.

‘కాంత యెడమ నుండె’: మన దేశపు కారులో స్టీరింగు కుడివైపు. భీమిలికి పోతున్నప్పుడు కడలీ కుడివైపే. కనుక తెన్నేటి పార్కు అలలు, రుషికొండ ఇసుక అన్నీ మగని కిటికీకి దఖలు. కాంత కిటికీలో కొండలు. అందులో తొట్లకొండ ఒకటి. వర్షపు నీటికోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లవల్ల దానికా పేరు. ఇల్లూ ఆలీ వద్దనుకున్నవారి కొండను కొత్త పెళ్ళికూతురికి చూపించడంలోని ధ్వనిని సహృదయులు గ్రహింతురు గాక. తరవాత ఎర్రమట్టి దిబ్బలు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినవి. సతి ‘ఇక్కడైనా’ అని నోరు తెరిచేలోగా అవీ దాటిపోయాయి. ఇది పద్యంలో లేదు, సంప్రదాయం చెబుతున్నది.

‘మగని చెవియె’: ఈ పదంవద్దనే ప్రాచీన వ్యాఖ్యాతలందరూ తడబడ్డారు. సతి నడుస్తున్న కారులోంచి ఫోను ఎత్తి సముద్రాన్ని పట్టబోయింది. రుషికొండ దగ్గర చెవి పడింది. మంగమారిపేట దగ్గర చెవి, కొంత చెంప. ఇక్కడ అతిశయోక్తి అలంకారమనువారు ఆ ఫోటోలు చూచినవారు కారు. స్వభావోక్తియే.

తాత్పర్యం: స్పష్టం.

పాఠాంతరం: ఆడపెళ్ళివారి ప్రతిలో ‘మగడు పలికె’కు ‘మగడు గొణిగె’ అని ఉన్నది. ఛందస్సు చెడదు. మగపెళ్ళివారు ఒప్పుకోరు.

ప్రయోగం: ఉదయమే ఆనందపురం, తగరపువలసల మీదుగా హైవేలో భీమిలి చేరి, పగటివేళ బీచ్‌రోడ్డున తిరిగి వచ్చినచో ఈ పద్యానికే అవకాశం లేదు. అనుభవజ్ఞులది ఈ మార్గం. కొత్త మగడు వినడు, హనీమూనుకొచ్చి హైవే ఏమిటంటాడు.

కడపటి శంక: సతియే కారు నడపరాదా?

సమాధానం: నడపవచ్చు. అప్పుడు చెవి స్థానంలో జుంకీ వచ్చును. మగడు దానినే చూస్తూ భీమిలిదాకా సముద్రం సంగతి ఎత్తడు గనుక శృంగారం సిద్ధించును.