నా ఒంటిమీది రాత

నా పిడికి కాస్త పైన తెల్లని అక్షరాలతో నాలుగు ముక్కలు అచ్చేసి ఉన్నాయి. ఏడడుగులు. మీడియం పవర్. మోడరేట్ యాక్షన్. ఎర బరువు 7 నుంచి 18 గ్రాములు. నా జాతకమంతా ఇంతే. రాయ్‌పూర్ పండరీ బట్టల మార్కెట్‌లో మా షావుకారు చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి, అందులో నూలెంతో పాలిస్టరెంతో చెప్పేస్తాడు. అంత తెలిసిన మనిషి నన్ను కొన్నప్పుడు ఆ నాలుగు ముక్కలూ చదవలేదు. ఎర్ర రంగు చూశాడు, కార్కు పిడి చూశాడు, బేరమాడాడు, కొన్నాడు.

నేను గాలం కర్రను. అలాగని ప్రతి గాలానికీ పనికొచ్చేదాన్ని కాదు.

నేనూ బట్టలోంచి పుట్టినదాన్నే. జిగురు పట్టించిన గాజునార గుడ్డను ఉక్కు కడ్డీకి చుట్టి, కాల్చి, కడ్డీ లాగేస్తే మిగిలిన బోలు గొట్టమే నా ఒళ్ళు. కార్ఖానా సంగతులు అంతకుమించి ఎవరికీ అక్కర్లేదు. మా గాజునార వంశం 1940లలో అమెరికాలో పైకొచ్చింది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ కర్రలు దింపాక, అవి తేలిక, బిర్రు అని మమ్మల్ని అటకెక్కించారు. కానీ బాస్ చేపల వేటగాళ్ళలో కొందరు మళ్ళీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. దానికి కారణం క్రాంక్‌బైట్.

క్రాంక్‌బైట్ అంటే మూతి ముందు చిన్న రేకు ఉన్న నకిలీ చేప. లాగుతుంటే ఒళ్ళూపుకుంటూ నీళ్ళలోకి దిగుతుంది. కడుపు కింద మూడేసి ముళ్ళున్న సన్నని కొక్కేలు వేలాడతాయి. చేప దాన్ని నోట్లోకి తీసుకున్న క్షణంలో కర్ర బిర్రుగా ఉంటే ఎర బయటికి వచ్చేస్తుంది, లేదా ముల్లు పెదవిని చీల్చుకుని ఊడిపోతుంది. నాలాంటి మోడరేట్ యాక్షన్ కర్ర అయితే నడుముదాకా వంగి, చేపకు ఒక్క క్షణం గడువిస్తుంది. ఆ గడువులోనే ముల్లు దిగుతుంది. నా మెతకదనమే నా విద్య.

ఇక బాస్ సంగతి. అది ఉత్తర అమెరికా చేప. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన పది కిలోల బాస్ రికార్డును, 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురిటా అందుకునేదాకా ఎవరూ అందుకోలేకపోయారు. మన చెరువుల్లో ఆ చేప లేదు. దాని కొలువు ఇక్కడ కొర్రమీనుది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. నాచులో, గుర్రపుడెక్కలో పొంచి ఉండి కప్పమీదకి దూకుతుంది, గాలి పీల్చడానికి మళ్ళీ మళ్ళీ పైకి తేలుతుంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ మన చెరువుల గాలపు వేట మీద 1887లోనే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని పుస్తకమే రాశాడు. మా షావుకారు ఆ పుస్తకం చదవాలని నేను ఆశపడలేదు. నా ఒంటిమీది ఒక్క వరస చదివితే చాలనుకున్నాను.

షావుకారు వాళ్ళ నాన్న విజయనగరం లైను పట్టుకుని రైల్వే ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చినవాడు. ఆ లైను 1931 నుంచీ మనవాళ్ళను ఇటు మోస్తూనే ఉంది. కొర్రమీను పులుసు మీద మోజు కూడా ఆ రైల్లోనే వచ్చినట్టుంది. నన్ను కొన్న మొదటి ఆదివారమే షావుకారు బావమరిదితో అభన్‌పూర్ వైపు ఒక ఊరి చెరువుకు తీసుకెళ్ళి, నాకు రబ్బరు కప్పను కట్టాడు. దాని బరువు పదిహేను గ్రాములు. నా లెక్కలోదే. పేచీ అంతా ఇక్కడే ఉంది. ఎర బరువు సరిపోయినంత మాత్రాన కర్ర సరిపోయినట్టు కాదు. రబ్బరు కప్ప వీపు మీద రెండు లావుపాటి ముళ్ళు దాక్కుని ఉంటాయి, నాచు పట్టకుండా. చేప గట్టిగా కొరికి కప్పను నలిపితేనే అవి బయటపడతాయి. అప్పుడు ఒక్క ఊపున లాగి ఎముకల దవడలోకి ముల్లు దించాలి, వెంటనే దాన్ని కలుపులోంచి పైకి ఈడ్చుకురావాలి. దానికి హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ కర్ర, అంటే చివర మాత్రమే వంగే బిర్రు కర్ర కావాలి. నేనేమో ఆయన లాగిన లాగుడంతా ఒంట్లోనే మింగేశాను. కొర్రమీను కప్పను ఉమ్మేసి పోయింది.

“ఏటి బావా! గాలం కర్ర కొన్నావా, తోటకూర కాడ కొన్నావా?” అన్నాడు బావమరిది.

“దీంట్లో పస నేదురా” అన్నాడు షావుకారు.

ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది. నా పస ఒకే ఒక్కసారి బయటపడింది. గంగ్రేల్ ఆనకట్ట దిగువన, మహానదిలో కలుపు లేని లోతు నీళ్ళలో, కప్పలన్నీ అయిపోయి, పెట్టెలో మిగిలిన క్రాంక్‌బైట్ కట్టారు. ఒక వాలుగ తగిలింది. పిడిదాకా వంగాను. అది లోతుకు దూసుకుపోతే దారం వదిలాక కూడా వంగే ఉన్నాను, ఆగితే లేచాను. సన్నని ముల్లు ఊడలేదు. ఒడ్డుకు చేర్చాక బావమరిది ఫొటో తీశాడు. అందులో షావుకారున్నాడు, వాలుగ ఉంది. నేను లేను.

ఆ తర్వాత జూన్ 16 వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఏటా ఆ రోజు నుంచి ఆగస్టు 15 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని నదుల్లో వేట ఆపేస్తారు. మంచి నియమమే. తడి ఆరకుండానే నన్ను దుకాణం వెనక గోడకు వంకరగా ఆనించి వదిలెయ్యమని మాత్రం ఆ నియమంలో ఎక్కడా లేదు. కార్కుకు బూజు పట్టింది. రీలు తుప్పెక్కింది. ఎవరో హడావిడిగా షట్టరు దించుతుంటే నా కొస అందులో పడి జానెడు విరిగింది. చేతిలో పట్టుకుని చూసి, “పోన్లే” అన్నారు. ఆగస్టు 15 దాటింది, దీపావళి కూడా దాటింది, నాకు నది మొహం ఎవరూ చూపించలేదు. దీపావళికి నాతో బూజులు దులిపించారు. తర్వాత విరిగిన చోట తీగతో ఒక కొక్కెం బిగించి, పైవరస హ్యాంగర్లు దించే పనికి పెట్టారు. కొక్కెం మాత్రం పోలేదు చూడండి, అదొక్కటే దక్కింది. ఒక్కోసారి అటువైపు నుంచి ఎవరైనా చీర చెంగు పట్టుకుని లాగితే నా నడుము తనంతట తనే వంగుతుంది. అలవాటు.

మొన్న బావమరిది కొడుకు కొత్త కర్ర తెచ్చాడు. నల్లటి కార్బన్, హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, 14 నుంచి 42 గ్రాములు. కొర్రమీను కప్పకు సరిజోడు. ఈ ఇంట్లో చివరికి ఒకరు చదివి కొన్నారనుకున్నాను. పిల్లాడు నా పాత పది గ్రాముల క్రాంక్‌బైట్‌ను దానికి కట్టుకుని మహానదికి పోయాడు.

సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. “ఎర దూరం పోట్లేదు మావయ్యా. రెండు తగిలినాయి, రెండూ ముల్లు చీల్చుకుని పోయినాయి.”

“ఇంకో రెండు వేలు పెట్టి పెద్ద కంపెనీది కొనాల్సిందిరా” అన్నాడు షావుకారు, నన్ను పైవరసలోని చిలకపచ్చ చీర మీదకి ఎత్తుతూ.