గుర్రంకొండ నీలం పెట్టె

నన్ను మదనపల్లెలో కొన్నారు, బెంగళూరు బస్టాండు దగ్గరి ఒక అంగట్లో. కొన్నాయనది గుర్రంకొండ. కొడుకు ఎం.ఎస్. చదవడానికి అమెరికా పోతున్నాడని, గట్టి పెట్టె కావాలని అడిగాడు. మూత ఎత్తి చూశాడు, నేల మీద అటూ ఇటూ లాగి చక్రాలు పరీక్షించాడు, మూడంకెల తాళం తిప్పి తిప్పి చూసి అప్పుడు బేరానికి దిగాడు. ముదురు నీలం పెంకు, అడుగున రెండే చక్రాలు, లోపల బట్టలు కదలకుండా రెండు పట్టీలు. నాలుగు చక్రాల పెట్టెలు మా వీధుల్లోకి తర్వాత వచ్చాయి. నన్ను వెనక్కి వంచి లాగాల్సిందే.

మా వైపు తాతను అబ్బ అంటారు, నాయనమ్మను జేజి అంటారు. నన్ను కొన్న ఈ అబ్బ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో చదువుకున్నాడు. 1915లో మొదలైన కాలేజీ అది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికి వచ్చి ఉన్నాడనీ, జనగణమనను తన చేత్తోనే ఇంగ్లీషులోకి మార్చింది అక్కడేననీ, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిందనీ అబ్బ ఎవరు దొరికినా చెప్పేవాడు. నాలో బట్టలు సర్దుతున్న రాత్రి కొడుక్కి మళ్లీ చెప్పాడు. "ఆడ ఎవురన్నా అడిగితే చెప్పల్ల గదరా" అన్నాడు. అమెరికాలో ఆ కొడుకును ఎవరూ అడగలేదు.

ఆ కొడుకు చిన్నతనం కొంత చెప్పాలి, తర్వాత జరిగిందానికి మూలం అక్కడుంది. హైస్కూలు చదువుకు ఆయన్ను కుప్పంలో మేనత్త ఇంట్లో పెట్టారు. కుప్పానికి ఒక దిక్కు తమిళనాడు, ఇంకో దిక్కు కర్ణాటక. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో తెచ్చి ఆ ఊళ్లో పెట్టింది ఊరికే కాదు. మొదట్లో గోలీలాటలో అన్యాయం జరిగినా తమిళంలో వాదించలేక ఇంటికొచ్చి ఏడ్చేవాడట. తర్వాత తిట్టడం నేర్చాడు, తర్వాత బాకీ గోలీలు అడగడం, తర్వాత కథలు చెప్పడం. ఒక్కరూ పాఠం చెప్పలేదు. కుప్పంలో, పుంగనూరులో ఇట్లా రెండు మూడు భాషలతో పెరిగినవాళ్లు వీధివీధికీ ఉన్నారు. మా గుర్రంకొండలోనూ అంతే, పక్కిల్లు ముస్లింలదైతే పలక పట్టకముందే పిల్లవాడికి ఉర్దూ వచ్చేస్తుంది. ఇది గొప్ప చదువని వాళ్లెవరూ అనుకోరు. నేను అనుకుంటాను.

చదువయ్యాక ఆ కొడుకు న్యూజెర్సీలో ఇల్లు పెట్టాడు. అక్కడ నా కాలం ఎక్కువ బేస్‌మెంటులో గడిచింది. ఇండియాకు వచ్చినప్పుడల్లా 23 కిలోలు నింపి, తూకం మీద ఎత్తి, బాదం పప్పు ఒక పొట్లం తీసి, మళ్లీ ఎత్తేవాళ్లు. వచ్చేటప్పుడు చాక్లెట్లు, పోయేటప్పుడు చెనిక్కాయల పొడి, ఊరగాయ, చింతపండు. నా లోపలి గుడ్డకు ఇప్పటికీ కారం వాసన పోలేదు.

ఈలోగా ఆ కొడుకు కూతురు పెరిగి హైస్కూలుకు వచ్చింది. ఇంగ్లీషు కాక ఇంకో భాష చదవాలంటే అక్కడ మన పిల్లల్లో చాలామంది స్పానిషే తీసుకుంటారు. ఈ పిల్లా తీసుకుంది. క్రియల పట్టికలు ఒప్పజెప్పింది, మంచి మార్కులు తెచ్చుకుంది. గడ్డి కోయడానికి వచ్చిన మెక్సికో ఆయన ఒకరోజు తలుపు కొట్టి నీళ్ల కొళాయి ఎక్కడని అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. నేను ఆ రోజు గరాజ్‌లో ఉన్నాను. ఆ పిల్ల ముఖం ఎర్రబడి, వేలు చూపించి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడే వేసవిలో స్పెయిన్ వెళ్లి ఒక ఇంట్లో ఉండి నేర్చుకునే కార్యక్రమం ఒకటి వచ్చింది. వాళ్లమ్మ భయపడింది: ఎవరిల్లో, ఏం పెడతారో, పదహారేళ్ల పిల్ల. వాళ్ల నాన్న మాత్రం కుప్పాన్ని తలుచుకున్నాడు. "నేనూ మేనత్త ఇంట్లోనే కదా నేర్చింది" అన్నాడు. "మేనత్తకూ ముక్కూముఖం తెలియనావిడకూ తేడా లేదా" అని ఆమె. తేడా ఉంది, ఆమె మాట సబబే. అయినా ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. డొనాల్డ్ వాట్ అనే ఆయన 1932లో 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' పేరిట అమెరికా కుర్రాళ్లను యూరప్ తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పరాయి దేశాన్ని చూడ్డం కాదు, అక్కడి ఇంట్లో మనిషిగా బతకాలన్నది దాని పట్టు. వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ కాలేజీ 1915లో వేసవి భాషా బడి పెట్టింది, మా అబ్బ చదివిన కాలేజీ మొదలైన ఏడే. నేర్చుకునే భాష తప్ప ఇంకోటి మాట్లాడనని అక్కడ చేరేవాళ్లు సంతకం పెడతారు. ఈ పిల్ల చేతా అట్లాంటి కాగితం మీదే సంతకం పెట్టించారు. ఇంటికి ఫోను వారానికి ఒక్కసారి.

ఆ కాగితం, చెనిక్కాయల పొడి డబ్బా, నేను. ముగ్గురం ఆ పిల్లతో సలమాంకా చేరాం.

సలమాంకా చదువుల ఊరు. విశ్వవిద్యాలయం 1218 నాటిది. స్పానిష్ భాషకు మొదటి వ్యాకరణం నెబ్రిహా రాస్తే 1492లో అచ్చయింది అక్కడే. వీధులన్నీ రాతి పలకలు, వాటి మీద నా చక్రం ఒకటి అరిగింది. మాకు దొరికిన ఇంటావిడ భర్త పోయినావిడ, పిల్లలు మాడ్రిడ్‌లో ఉద్యోగాలు. ఖాళీ గది ఒకటి చదువుకునే పిల్లలకిచ్చి, అన్నం పెట్టి పంపుతుంది. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ రాకపోవడమే ఈ పిల్లకు దొరికిన పెద్ద వరం అని నేను గట్టిగా చెప్పగలను.

నేను మంచం కింద ఉన్నాను, గోడకు అవతల వంటిల్లు. మొదటి రోజుల్లో ఆ పిల్ల గొంతు ఆ వైపు నుంచి వినబడేదే కాదు. మధ్యాహ్నం రెండున్నరకు భోజనం, తర్వాత ఎండకు కిటికీ తడకలు దించి ఊరంతా పడక, రాత్రి అన్నం తొమ్మిదిన్నర దాటాక, అప్పటికి పొద్దు గూకుతూ ఉంటుంది. పడక వేళ ఆ పిల్ల నన్ను బయటికి లాగి, మూత తెరిచి, డబ్బాలో వేలు పెట్టి పొడి నాకి, కాసేపు నా పక్కనే కింద కూర్చునేది.

మాట వంటింట్లో మొదలైంది. ఇంటావిడ ఒక సాయంత్రం పిలిచి ముందర బంగాళాదుంపలు పెట్టింది. "తరుగు" అంది. ఈ పిల్ల మందంగా తరిగింది. ఆవిడ కత్తి తీసుకుని ఒక ముక్క పల్చగా కోసి చూపించి, మళ్లీ చేతికిచ్చింది. నూనెలో పెట్టు, కలుపు, ఆగు, ఇప్పుడు తియ్యి, రా, పట్టుకో. గుడ్ల సొనలో దుంపలు కలిపి పెనం మీద పోసి, ఒక పక్క కాలాక మీద కంచం బోర్లించి, పెనాన్ని ఒక్క ఊపున తిరగెయ్యాలి. మొదటిసారి సగం పొయ్యి మీద పడింది. ఇద్దరి నవ్వూ గోడ దాటి వచ్చింది. స్పానిష్‌లో ఇట్లా పని చెప్పే క్రియారూపాలు కొన్ని మహా వంకరవి, బళ్లో పుస్తకం వాటిని వెనక పాఠాల్లోకి నెడుతుంది. ఈ పిల్లకు అవి ఆ వంటింట్లో ఒక్క పూటలో చేతికి అంటుకున్నాయి. ఇక మర్చిపోయే పని లేదు.

అసలు సంగతి ఇంకో మధ్యాహ్నం జరిగింది. మా గది ఒకప్పుడు వాళ్లబ్బాయిది, గోడకు పుస్తకాల బీరువా ఉంది. ఆ పిల్ల ఏదో వెతుకుతూ ఒక పాత పుస్తకం లాగింది. అట్ట మీద టాగూరు పేరు. హువాన్ రమోన్ హిమేనెస్, ఆయన భార్య సెనోబియా కాంప్రుబీ కలిసి టాగూరు పుస్తకాలు ఒకదాని వెనక ఒకటి స్పానిష్‌లోకి తెచ్చారు, మొదటిది 1915లో. హిమేనెస్ గొప్ప కవి, 1956లో ఆయనకూ నోబెల్ వచ్చింది. స్పానిష్ మాట్లాడే ఇళ్లలో టాగూరు పుస్తకం ఉండటం అంతగా వింత కాదని నాకప్పుడు తెలీదు, ఆ పిల్లకూ తెలీదు.

ఇంటావిడ ఉతికిన బట్టలు మడిచి తెచ్చింది. పుస్తకం చూసి, తన తల్లిదని చెప్పింది. అప్పుడు ఈ పిల్ల మొదలుపెట్టింది. ఈయన మా ఊరికి వచ్చాడు. మా ఊరు కాదు, పక్క ఊరు. మా తాత ఆ కాలేజీలో చదివాడు. మా దేశగీతం, ఈయనది, అక్కడ, ఇంగ్లీషులో... భూతకాలం తప్పింది, వచ్చాడనడానికి వస్తాడంది, మధ్యలో మాట దొరక్క చేతులు తిప్పింది. ఇంటావిడ తప్పులు దిద్దలేదు. బట్టలు ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని "తర్వాత?" అంది. మళ్లీ "ఎవరు స్వరం రాసింది?" అంది. ఎంతసేపు సాగిందో, బయట తడకలు పైకి లేచే వేళయింది. 1924లో టాగూరు అర్జెంటీనాలో జబ్బుపడితే విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి బ్యూనస్ ఐరిస్ దగ్గర సాన్ ఇసిద్రోలో ఇల్లు చూపి ఆదరించిన కథ ఆవిడ చెప్పింది, ఈ పిల్ల ఆపి ఆపి అడుగుతూ వింది.

మంచం కింద నుంచి నేను గ్రహించింది ఇది. చెప్పాలనే ఆత్రం ఒక పక్క, వినాలనే ఆత్రం ఇంకో పక్క, మధ్యలో జారుకోవడానికి ఇంగ్లీషు అనే సందు లేకపోవడం. ఈ మూడూ కుదిరాయి కాబట్టి నోరు తెరుచుకుంది. పట్టికలు పనికిరాలేదని అనను, అవి లేకపోతే ఆ పిల్ల చేతిలో పనిముట్లే లేవు. పని మాత్రం ఆ ఇంట్లో దొరికింది.

ఆ డిసెంబరు సెలవుల్లో గుర్రంకొండకు వచ్చాం. అంతకు ముందు వచ్చినప్పటి తీరు నాకు బాగా తెలుసు. పిల్ల గడప తొక్కగానే బాబాయిలు, అత్తలు, ఎదురింటి ఇంజనీరింగు కుర్రాడు అందరూ ఇంగ్లీషే. పిల్లకు ఇబ్బంది కలగకూడదని ప్రేమతోనే మాట్లాడేవాళ్లు. జేజి మంచం మీద కూర్చుని అందరి నోళ్లూ చూసేది. ఏదన్నా అడిగితే కొడుకు ఇంగ్లీషులో చెప్పాలి, జవాబు మళ్లీ తెలుగు చెయ్యాలి. రెండు మాటలయ్యాక ఆమె మానుకునేది. పక్కన గోడకు ఆనుకుని ఉండి నేనది చూసి చాలా బాధపడ్డాను. న్యూజెర్సీలో పిల్ల శనివారం తెలుగు బడికి పోయి అక్షరాలు రాస్తుంది, పద్యం చదువుతుంది, చక్కగా నేర్పారు. జేజితో నాలుగు మాటలు మాత్రం లేవు.

ఈసారి ఆ పిల్ల దిగిన రోజే తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో "నాతో తెలుగు మాత్రమే" అని రాసి తలుపుకు అంటించింది. అత్తలు నవ్వారు. ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు అలవాటవుతుందని ఆశపడ్డ కుర్రాడు దిగులుపడితే, సాయంత్రం కోట దాకా నడిచేటప్పుడు పోయేదారిలో ఇంగ్లీషు, వచ్చేదారిలో తెలుగు అని ఒప్పందం చేసుకున్నారు.

మా వైపు చలికాలం అనపకాయల కాలం. గింజలు ఒలిచి, రాత్రంతా నానేసి, పొద్దున ఒక్కొక్కటీ పితికితే తోలు వేళ్లలో మిగిలి పప్పు బయటికి దూకుతుంది. పితికిపప్పు కూర, రాగిసంగటి. జేజి ముందర గిన్నె, పక్కన పిల్ల.

"అట్ల గట్టిగా పిసకద్దు మ్మే, గింజ చిట్లిపోతాది."

"మరి ఎట్ల?"

"రొండేళ్లతో. కొన పట్టుకో. ఊఁ, ఇప్పుడు నొక్కు."

పప్పు ఎగిరి నా మూత మీద పడింది. "యాడ పడిందో సూడు" అంది జేజి. "పెట్టె పైన పడింది" అంది పిల్ల. ఆ పొద్దుటికి గిన్నె నిండేలోపు జేజి తన పెళ్లినాటి సంగతి, కరువు ఏడు సంగతి, కొడుకు కుప్పంలో ఏడ్చిన సంగతి చెప్పింది. అర్థం కాని చోట పిల్ల "జేజీ, ఆగు, మళ్లీ చెప్పు" అనేది. జేజి గొంతు పెంచి అదే మాట చెప్పేది, అర్థం కాకపోతే చేత్తో చూపేది. అబ్బ ఊరుకున్నాడా, సలమాంకా పుస్తకం కథ వచ్చిన ప్రతి చుట్టానికీ పిల్ల చేతే తెలుగులో చెప్పించాడు. మొదటిరోజు తడబడింది, పోయేముందు రోజు ఎక్కడ ఆపితే వినేవాళ్లు ముందుకు వంగుతారో కూడా తెలిసిపోయింది.

ఒక రాత్రి వాళ్ల నాన్న ఫోనులో చూసి ఒక లెక్క చదివాడు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పేటప్పుడు స్పానిష్‌కు సుమారు 30 వారాలు, తెలుగుకు 44 వారాలు పెట్టుకుంటుందట. మనవాళ్లు స్పానిష్‌కు వేసవంతా ఇస్తారు, డాలర్లు పోస్తారు, పిల్లను పరాయి ఇంట్లో నమ్మి వదులుతారు. తెలుగుకు పెళ్లికి వచ్చిన నాలుగు రోజులు, అందులోనూ ఇంగ్లీషు తెలిసిన చుట్టాలు. జేజి ఇల్లు ఉంది, జేజికి ఇంగ్లీషు రాదు, చెప్పడానికి ఆమె దగ్గర కొండంత ఉంది. సలమాంకాకు పంపవద్దని నేననడం లేదు, అక్కడ అరిగిన చక్రం నాకు గర్వమే. ఇక్కడికీ అదే పట్టుతో, అదే కాగితం మీద సంతకంతో పంపమంటున్నాను.

బయల్దేరేముందు నాలో పొడి డబ్బాలు సర్దుతూ జేజి అడిగింది. "చెనిక్కాయ ఇత్తేటప్పటికి వస్తావా? నీకు సెలవులెప్పుడు?"

"జూన్‌లో. ఎప్పుడు ఇత్తుతారు?"

"వాన పడితే జూన్‌లోనే."

పిల్ల వాళ్ల నాన్న వైపు తిరిగింది. వచ్చే వేసవికి స్పెయిన్‌లో రెండో మెట్టుకు కట్టాల్సిన డబ్బు ఇంకా కట్టలేదు కదా అని అడిగింది. కట్టలేదన్నాడు. అయితే ఆ డబ్బుతో తనకొక్కదానికే గుర్రంకొండకు టికెట్ తియ్యమంది, మీరిద్దరూ రావద్దు, మీరొస్తే ఇంగ్లీషొస్తుంది అంది. ఆయన భార్య ముఖం చూశాడు. ఆమె డబ్బా మూత బిగిస్తూ, బెంగళూరు విమానాశ్రయంలో ఎవరు ఎదురొస్తారో ముందు అది తేల్చమంది.