తీగకు కవల తమ్ముడున్నాడట!

తిప్పతీగ నిర్దోషి అని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 జూలైలో తేల్చేసింది. ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురు రోగుల చెడిన కాలేయాలు చూపిస్తూ వ్యాసం రాసి మొత్తుకున్నా శాఖవారు చలించలేదు. అచ్చం తిప్పతీగలాగే కనిపించే టినోస్పోరా క్రిస్పా అనే తీగ ఇంకోటి ఉందనీ, కాలేయానికి కీడు చేస్తే అది చేసి ఉండొచ్చనీ సెలవిచ్చారు.

ద్విపాత్రాభినయమన్నమాట! 'రాముడు భీముడు' చూసిన జాతికి ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. అన్న పట్టుపంచె కట్టి పెరట్లో వేపచెట్టును అల్లుకుని, ఇంటిల్లిపాదికీ రోగనిరోధక శక్తి పెంచుతుంటాడు. తమ్ముడు చిన్నప్పుడే తిరునాళ్ళలో తప్పిపోయాడు. ఇప్పుడు గళ్ళ లుంగీ కట్టి, కనబడ్డ కాలేయాన్నల్లా కుమ్ముతున్నాడు. తల్లి వేషం మంత్రిత్వ శాఖది: "నా బిడ్డ చీమకైనా హాని చెయ్యడు బాబూ!"

తమ్ముణ్ణి పట్టుకోవడం తేలికే. సినిమాలో అయితే బుగ్గమీద ఒక్క పుట్టుమచ్చ. వీడికి కాండం నిండా బుడిపెలే. కాబట్టి ఇకమీదట కషాయం కాచబోయే ప్రతి ఇల్లాలూ తీగ చొక్కా విప్పించి చూసుకోవాలి. చిక్కల్లా, ఎండబెట్టి దంచి సీసాకెక్కించాక అన్నెవడో తమ్ముడెవడో కన్నతల్లి కూడా చెప్పలేదు. అయినా ఆ బెంగ శాఖకు లేదు. రోగి మింగింది ఏ తీగో నిర్ధారించుకోవాల్సిన బాధ్యత వ్యాసం రాసిన డాక్టర్లదేనట! అంచేత కళ్ళు పచ్చబడి వచ్చినవాణ్ణి మంచమెక్కించే ముందు గుర్తింపు పరేడ్ జరపాలి. "మీమీద చెయ్యి చేసుకున్నది పంచెవాడా, లుంగీవాడా? బాగా గుర్తుచేసుకుని చెప్పండి." రోగి స్పృహ తప్పితే సాక్ష్యం లేదని కేసు కొట్టేస్తారు.

విచిత్రమేమిటంటే, హంతకుడు పరారీలో ఉన్నాడని చెప్పినవాళ్ళే వాడికోసం ఒక్క కానిస్టేబుల్‌నీ పంపలేదు. 2020 అక్టోబరులో కోవిడ్ మార్గదర్శకాలు వేసినప్పుడు గుడూచి (తిప్పతీగే) ఘనవటి 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు అని జనానికి రాసిచ్చిందీ వీళ్ళే. అప్పుడీ తమ్ముడి ఊసే లేదు.

ఇక సినిమా చాలు. తిప్పతీగ మంచిదే కావచ్చు, నాకు దానిమీద పగేం లేదు. కానీ శాఖవారూ, మీ వాదన నిజమే అనుకుంటే, తిప్పతీగ పేరుతో వేరే తీగ జనం కడుపుల్లోకి పోతోందని మీరే ఒప్పుకుంటున్నారు! అది చిన్న సంగతా? 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా మూలిక బదులు ఇంకోటి కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మనమేమో పాత గ్రంథాల్లో ఉన్న మందుకు భద్రతా పరీక్షలు అక్కర్లేదని 2010లో ఔషధ నియమాల్లో 158-బి అని నిబంధనే రాసి పెట్టుకున్నాం. ఇవాళ బజార్లో అమ్ముతున్న సీసాలో ఎవడు ఏం పోశాడో ఆ గ్రంథం రాసిన రుషికి ఎలా తెలుస్తుంది? తెలుసుకోవాల్సింది మీరు. బజారు మీద పడి సీసాలు పట్టుకొచ్చి, ల్యాబులో పరీక్ష చేయించి, ఏ కంపెనీ పొడిలో ఏ తీగ ఉందో పేర్లతో సహా బయటపెట్టాల్సింది మీరు. అందుకే మీకు జీతాలిస్తున్నాం. అది మానేసి, కాలేయం చెడి ఆసుపత్రిలో పడ్డవాణ్ణి నువ్వు తాగిందేమిటో రుజువు చెయ్యమంటారా?