కుర్చీల బాబాయి

ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టిన మర్నాడు పొద్దున్నే, కాఫీ చల్లారకముందే గుమ్మంలో చెప్పుల చప్పుడవుతుంది. ఎవరూ పిలవలేదు. జేబులో ఇనుప టేపు, చంకలో నోటుపుస్తకం. "రిసెప్షన్‌కి బల్లలు ఎలా వేయిస్తున్నారు?" అంటూ బాబాయి లోపలికొస్తాడు. మీ ఇంట్లో ఆయన మావయ్యో, పెదనాన్నో, బావగారో కావచ్చు. టేపు మాత్రం అదే.

మా బాబాయి ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాడు. కాలవగట్లు కొలిచిన చెయ్యి ఊరికే ఉండదు. మొన్న రాజమండ్రిలో మా అక్క కూతురి రిసెప్షన్‌కి హాలు మేనేజరు, పాపం, మర్యాదకి అడిగాడు: "రౌండు టేబుళ్ళు వేయించమంటారాండీ, పొడుగు బల్లలే ఉంచమంటారా?"

బాబాయి టేపు లాగాడు.

"మీ రౌండు 5 అడుగులు. చుట్టుకొలత 188 అంగుళాలు. దానికి 10 కుర్చీలు వేస్తారు మీరు. మనిషికి 19 అంగుళాలు కూడా రాలేదు. మా తోడల్లుణ్ణి చూశారా?"

చూళ్ళేదన్నాడు మేనేజరు.

"ఆయన ఊరికే కూర్చోడానికే 24 కావాలి. అన్నం కలపాలంటే మోచెయ్యి ఆడొద్దూ?"

"ఆయ్, ఎనిమిదే వేయిద్దామండి."

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? అరిటాకు దగ్గరికొచ్చాడు. పొడుగు బల్ల మీద ఆకు పక్కన ఆకు బుద్ధిగా పడుకుంటుంది. గుండ్రటి బల్ల మీద మీ ఆకు కొస పక్కాయన ఆకు మీదికెక్కుతుంది. ఆయన పప్పుచారు మీ పూర్ణంలోకి దిగుతుంది. కాలవల మనిషి కదా, ఎటు పల్లమో ఆయనకి తెలుసు. పైగా బంతిలో ఒకవైపే కుర్చీలు వేస్తాం, ఎదురువైపు వడ్డించేవాడి దారి. రౌండు చుట్టూ జనం కూర్చుంటే ఆ కుర్రాడు సాంబారు బకెట్టుతో భుజాల మీంచి వంగాలి. ఆ భుజాల మీద ఉన్నవి ధర్మవరం పట్టుచీరలు.

నిజం చెప్పొద్దూ, ఇందులో ఒక్క ముక్క తప్పు లేదు. బఫే పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని మా బావ అన్నాడు. బాబాయి వారం రోజులు బావతో మాట్లాడలేదు.

సరే, పొడుగు బల్లలే ఖాయం. ఆ రాత్రి రెండింటికి నాకు ఫోను. "ఒరేయ్, పొడుగు బల్లకి చివరుంటుందిరా!"

అదీ అసలు చిక్కు. చివర కూర్చోబెట్టారన్న మాట మగపెళ్ళివారి నోట ఒకసారి వచ్చిందా, మనవల పెళ్ళిళ్ళదాకా వింటూనే ఉండాలి. రౌండుకి మొదలూ లేదు, చివరా లేదు. తెల్లారేసరికి వియ్యాలవారి వరకు రౌండు ఖాయమైంది. 6 అడుగులది, 8 కుర్చీలు, ఆకులకి బదులు కంచాలు.

ఇక నోటుపుస్తకం. ఎర్రసిరాతో రాసిన పేర్ల మధ్య మాటల్లేవు. నీలం పేర్ల మధ్య ఉన్నాయి, వాళ్ళతోనే ఎక్కువ ప్రమాదం. ఆకుపచ్చవాళ్ళకి షుగరు, కాబట్టి తాపేశ్వరం కాజాల వైపు వాళ్ళ వీపు ఉండాలి. గట్టు తగాదాలో 20 ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న మా మేనమావలిద్దరికీ నడుమ స్తంభం అడ్డొచ్చేలా కుర్చీలు కేటాయించాడు. ఆ స్తంభాన్ని చూసే ఈ హాలు సరేనన్నాట్ట.

రిసెప్షన్ రోజు వియ్యాలవారు వచ్చారు. రౌండుకి మొదలు లేదన్న భ్రమ అయిదు నిమిషాల్లో వదిలింది. స్టేజీకి ఎదురుగా ఉన్న కుర్చీయే మొదలు! పెళ్ళికొడుకు మేనత్తగారికి స్టేజీ వైపు వీపు వచ్చింది. వాళ్ళ తాతగారు కుర్చీని ఒకసారి, బాబాయిని ఒకసారి చూసి, "గాంధీగారంతటివారే 1931లో లండన్‌లో రౌండు టేబులు దగ్గర కూర్చుని ఉత్తచేతులతో తిరిగొచ్చారు. మా కడుపెలా నిండుతుంది నాయనా?" అన్నారు.

ఈలోగా గాలి ఆడటం లేదంటూ ఎవరో కుర్చీ ఏసీ కిందికి లాక్కున్నారు. వెనకే ఇంకొకరు. పావుగంటలో హాలు మధ్య బీడు, ఏసీల కింద సంత. కొలతలు, సిరాలు, స్తంభం, అన్నీ కాలవలో కలిశాయి. మా మేనమావలిద్దరూ ఒకే ఏసీ కింద పడ్డారు.

"వెధవ ఏర్పాట్లు," అన్నాడు పెద్దాయన గాల్లోకి చూస్తూ.

"మరే," అన్నాడు చిన్నాయన.

20 ఏళ్ళలో అదే మొదటి మాట. చేతులు కడుక్కునే చోట నిలబడి ఇదంతా చూసిన బాబాయి నోటుపుస్తకం తీశాడు. వాళ్ళిద్దరి పేర్లూ ఎరుపులో కొట్టేసి, నీలంలో రాసుకున్నాడు.